నాలుగో గీత

ఆ పత్తికట్టె ఇంకో నాలుగు పుల్లలు ఎగదొయ్యి కొడకా. అన్నీ ఒక్కపారి ఎయ్యకు. పత్తికట్టె భగ్గుమంటది, అంతల్నే సల్లబడ్తది. అడుగున తుమ్మమొద్దు పెట్టిన, తెల్లారేదాక కనకన ఉండేది అదే. పొగ నీ దిక్కే వస్తుందా? ఇటు వచ్చి నా పక్కన కూసో. చెల్లెకు కూడ జర జాగ ఇయ్యి.

ఏం బిడ్డా, నీ వంతు వచ్చి ఎంతసేపాయె! గవ్వలు పిడికిట్ల పట్టుకొని ఆ ఫోనుల ఏం చూస్తున్నవు? ఇటు తే, అద్దాలు పెట్టుకోని. ఓ, ఈ బానిసల ఓడ బొమ్మనా! ఇది నాకు ఎరుకే. బ్రూక్స్ అని దాని పేరు. 1788ల ఇంగ్లండుల అచ్చేసిండ్రు. దూరం కాంచి చూస్తే గీతలు గీతలుగ కనపడ్తది. దగ్గరికి పెట్టుకొని చూడు, అవి గీతలు కావు, పండుకోబెట్టిన మనుషులు. అగ్గిపెట్టెల పుల్లలు పేర్చినట్టు 454 మంది. ఆ ఏడాదే అక్కడ చట్టం వచ్చింది, ఇంత ఓడల ఇంతమందినే ఎక్కియ్యాలె అని. ఆ చట్టం ఒప్పుకున్న లెక్క ఈ బొమ్మ. చట్టం రాకముందు అదే ఓడల ఆరువందల పైచిలుకు మందిని కుక్కి తీస్కపోయిండ్రు.

నిన్న చెప్తివి గదా, అమెరికాల చార్లెస్టన్‌ల గాడ్స్‌డెన్ రేవు చూసొచ్చిన అని. ఆడ దింపిన మనుషులు వేలకు వేలు. 2023ల అదే జాగల మ్యూజియం తెరిచిండ్రంటే మంచి పనే. నాకు వీసా ఎవలిస్తరు గని, ఇచ్చేటట్టుంటే నేనూ చూద్దును. ఎందుకంటే ఆ కథ నేను సూర్యాపేటల, కోదాడల, మిర్యాలగూడల, ముప్పై ఏండ్లు బళ్లె చెప్పిన. తప్పు చెప్పలే. సగం చెప్పిన.

ఎట్లంటవా? బోర్డు మీద త్రికోణం గీసేటోన్ని. ఒక కొస యూరపు, ఒక కొస ఆఫ్రికా, ఒక కొస అమెరికా. మొదటి గీత మీద తుపాకులు, సారా, గుడ్డలు రాసేటోన్ని. రెండో గీత మీద మనుషులు. మూడో గీత మీద చక్కెర, పొగాకు, పత్తి. ఇగ అయిపాయె, సుద్దముక్క కింద పెట్టి చేతులు దులుపుకునుడే. ఐదు మార్కుల ప్రశ్న అది, పిల్లలు బట్టీ పట్టెటోళ్ళు. ఒక్క పోరడన్న లేచి, ఆ గుడ్డలు ఎక్కడియి సార్ అని అడగలే. అడిగితే నాకు జవాబు రాకపోవు. పద్మశాలి ఇంట్ల పుట్టి, గుంటమగ్గం చప్పుడుల పెరిగినోన్ని, గుడ్డ ఎక్కడిదని నన్ను నేనే అడుక్కోలే. రిటైరయినంక చదువుకున్న సంగతులు ఇవి.

ఆ కట్టె ఇటియ్యి, బూడిదల గీస్త. ఇది మన సూర్యాపేట. పొద్దుపొడుపు దిక్కు పోతే మునగాల, కోదాడ, నందిగామ, బెజవాడ, కొసకు బందరు. మన ఇంటి ముంగట లారీలు పోయే 65 నంబరు హైవే పూనాల మొదలైతే బందరుల సముద్రం కాడ ఆగుతది. సుల్తాన్ల కాలంల ఈ తారు లేదు గని తొవ్వ మాత్రం ఈ దిక్కే. గోల్కొండకు సముద్రమంటే బందరే. లంబాడోళ్ళ ఎడ్లు, పెరికోళ్ళ ఎడ్లు మందలు మందలుగ నడిచేవి. మీదికి ఉప్పు వచ్చేది, కిందికి గుడ్డ పోయేది.

బందరుల డచ్చోళ్ళు 1605ల దిగిండ్రు. 1611ల ఇంగ్లీషోళ్ళ ఓడ గ్లోబ్ వచ్చింది. డచ్చోళ్ళను మనోళ్ళు వలందులు అన్నరు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం బందరుల ఇప్పటికీ ఉన్నయి, మీ మేనత్త పెండ్లి చూపులకు పోయినప్పుడు నేను చూసిన. చూపులు కుదరలే, పాలెం చూసుడు మిగిలింది.

ఏం కొన్నరు వాళ్ళు మన కాడ? గుడ్డ. పూలద్దకపు బట్టలు, సన్న బట్టలు దొరల ఇండ్లకు, రాణుల ఒంటి మీదికి. అవి గాక ఇంకో రకం ఉండె. మోటు గుడ్డ, తెల్లది, లేకుంటే నీలిమందుల ముంచింది. దానికి వాళ్ళు పెట్టిన పేరు గినీ గుడ్డ. గినీ అంటే ఆఫ్రికా పడమటి తీరం. గుడ్డ ఇంకా మగ్గం దిగకముందే దాని పేరుల పోయే ఊరు ఉన్నది. మన తీరం పొడుగునా, కింద పుదుచ్చేరి దాక, ఇట్లాంటి గుడ్డ నేసి ఓడలకు ఎత్తిండ్రు. అది లండన్‌కో, ఆమ్‌స్టర్‌డామ్‌కో, ఫ్రాన్సుకో పోయి, అక్కడ ఇంకో ఓడ ఎక్కి ఆఫ్రికాల దిగేది. గుడ్డ దిగిన ఓడల్నే మనుషులు ఎక్కేది. ఇగో, ఇది నేను బోర్డు మీద గియ్యని నాలుగో గీత.

ఆఫ్రికాల కొనేటోళ్ళు అమాయకులు అనుకునేవు. గుడ్డ నలిపి చూసేటోళ్ళు, రంగు చూసేటోళ్ళు, వాసన కూడ చూసేటోళ్ళు. ఇంగ్లండుల మనదాని లెక్కనే నకలు నేసి తీస్కపోతే చానా ఏండ్లు మొహం తిప్పుకున్నరు. పద్దెనిమిదో శతాబ్దంల ఆ తీరానికి పోయిన సరుకుల్ల తుపాకులు గాదు, సారా గాదు, గుడ్డలదే పెద్దపాలు. అండ్ల మన దేశపు గుడ్డలు చాన. నేసినోనికి ఏం ఎరుక? దళారి పైసలు ముందుగాల ఇచ్చి పోయిండు, ఇన్ని మూరలు, ఇంత పన్నె అని చెప్పి పోయిండు. కాళ్ళు గుంటల, కండ్లు పోగుల. గుడ్డ కోసి ఇచ్చినంక అది ఎవలి మెడకు తాడైతదో మగ్గం కాడ కూసున్నోనికి కనపడ్తదా?

నీ పిడికిట్ల గవ్వలు కూడ ఆ తొవ్వల పోయినయే. తెరువు, చూపెట్టు. ఇవి మాల్దీవుల సముద్రంల దొరుకుతయి. బంగాళానికి, సిలోనుకు వచ్చేవి, ఆడికాంచి ఓడ అడుగున బరువు కోసం పోసుకొని యూరపుకు తీస్కపోయెటోళ్ళు. పడమటి ఆఫ్రికాల ఇవే పైసలు. 1680ల నాడు ఒక మనిషికి పదివేల దరిదాపుల గవ్వలు. నూరేండ్లు తిరగకముందే ఆ ధర లక్ష దాటింది. మనం ఆడితే కాయ కదుల్తది, వాళ్ళు ఎంచితే మనిషి కదిలిండు.

అట్ల ఆఫ్రికా ఒడ్డున ఓడ ఎక్కిచ్చింది కోటీ పాతిక లక్షల మందిని. అవతలి ఒడ్డున దిగింది కోటీ ఏడు లక్షలు. తీసేయి లెక్క. పద్దెనిమిది లక్షలు. మన ఉమ్మడి నల్లగొండ జిల్లా జనం 2011 లెక్కల ముప్పై అయిదు లక్షలు. అండ్ల సగంమంది సముద్రంలనే పోయిండ్రనుకో.

ఏంది కొడకా? మనోళ్ళను అమ్ముకోలేదా అంటవా? మంచిగ అడిగినవు, మా బళ్లె నీ అసొంటోడు ఒక్కడు ఉంటే అయిపోవు.

అమ్మిండ్రు. అట్లాంటిక్ మీదికి గాదు, మన సముద్రం మీదనే. డచ్చోళ్ళు 1619ల జావాల బటేవియా పట్నం పెట్టిండ్రు. 1621ల బందా దీవులల్ల జాజికాయ తోటల కోసం అక్కడి జనాన్ని దాదాపు లేకుంట చేసిండ్రు. ఇగ తోటల పనికి మనుషులు కావాలె. పులికాటుల 1613 కాంచి వాళ్ళకు గెల్డ్రియా అని కోట ఉన్నది. ఆ కోట కాంచి, ఇంకా కిందున్న రేవుల కాంచి మనుషులను ఓడలెక్కిచ్చిండ్రు. ఎప్పుడు ఎక్కువ దొరికిండ్రు? కరువొచ్చినప్పుడు, లడాయి వచ్చినప్పుడు. వలందోడు ఊర్ల మీద పడి పట్టుకపోవాల్సిన పని లేకుండె. బిడ్డకు గంజి పొయ్యలేని తల్లి బిడ్డనే తెచ్చి ఇచ్చింది. మొగడు పెండ్లాన్ని, కొందరు తమను తామే. కొన్న దళారులు మనోళ్ళే, మన భాష మాట్లాడెటోళ్ళే.

1687ల గోల్కొండ కోట ఔరంగజేబు చేతుల పడ్డది. ఆ ఏడు కరువు, రోగం ఒక్కపారే. మద్రాసుల ఇంగ్లీషు కంపెనీ అప్పుడు ఏం చేసింది ఎరుకనా? బీదోళ్ళు మస్తు దొరుకుతున్నరు, చౌకగ దొరుకుతున్నరు, ఈ వ్యాపారం పెరిగిందని చూసి, ఒడ్డు దాటే బానిసకు తలకొక వరహా కంపెనీకి కట్టాలె అని హుకుం పెట్టింది. మన బర్లసంతల తలకింత రశీదు కోస్తరు చూడు, అట్ల. తెల్లారి ఏడాది బంద్ పెట్టిండ్రు. జాలిపడి గాదు, మొగలాయి అధికారులు కస్సుమంటే.

ఆఫ్రికా దక్షిణాన కేప్ కాడ డచ్చోళ్ళు 1652ల వలస పెట్టినంక మనోళ్ళు ఆడికి కూడ పోయిండ్రు. ఆడ వాళ్ళ పేర్లు తీసేసిండ్రు. ఏప్రిల్ అని, సెప్టెంబర్ అని నెలల పేర్లు పెట్టిండ్రు. ఎల్లయ్యో మల్లయ్యో పోయి సెప్టెంబర్ ఆయె. ఇంటిపేరు కాడ కోరమాండల్ అని రాసిండ్రు, ఇంకొందరికి ఉత్త తీరం అని. ఇంటిపేరును బట్టి ఏ ఊరోడో, ఏ గోత్రమో చెప్పే దేశంల పుట్టిన మనిషికి, తీరం అని ఇంటిపేరు!

తిరుగుదారిన కూడ మనుషులు వచ్చిండ్రు, అది మర్చిపోవద్దు. మీ నాయన హైదరాబాదుల కోచింగుకు పోయి ఉన్నది హబ్సిగూడల. హబ్సీ అంటే అబిసీనియా మనిషి. నిజాం గుర్రపు దళంల ఆఫ్రికోళ్ళు ఉండేటోళ్ళు, వాళ్ళ పేరు మీదనే ఏసీ గార్డ్స్. ఏసీ అంటే చల్లగాలి గాదు, ఆఫ్రికన్ కేవల్రీ. మాలిక్ అంబర్ అని ఒకడు, ఇథియోపియాల పుట్టి, చేతులు మారి మారి అమ్ముడుపోయి అహ్మద్‌నగర్ చేరిండు. ఆఖరుకు ఆ రాజ్యాన్నే నడిపిండు, మొగలాయోళ్ళను ముప్పుతిప్పలు పెట్టిండు. 1626ల చచ్చేదాక జహంగీరుకు నిద్రలేదు. అది ఇంకో రాత్రి చెప్త, పెద్ద కథ.

ఇంగ్లండు 1807ల బానిసల వ్యాపారం బంద్ చేసింది. 1834 ఆగస్టు 1 కాంచి తన రాజ్యాలల్ల చానావాట్ల బానిసత్వమే బంద్ అన్నది, మన దిక్కు కంపెనీ రాజ్యం తప్ప. నష్టపరిహారం కింద రెండు కోట్ల పౌండ్లు ఇచ్చింది, యజమానులకు. బానిసకు చిల్లిగవ్వ రాలే. నవ్వకు బిడ్డా, మాట వరసకు అనలే, నిజంగనే రాలే.

ఇగ చెరుకు ఎవలు కొట్టాలె? మళ్ళ మన ఒడ్డు దిక్కు చూసిండ్రు. 1834 నవంబరు 2న అట్లాస్ ఓడ 36 మంది కూలీలతోని మారిషస్‌ల ఆగింది. వాళ్ళు ఉత్తరాదోళ్ళు. ఎనక ఎనక గోదావరి దిక్కు, విశాఖ దిక్కు, గంజాం దిక్కు జనం కొరంగి రేవు కాంచి పోయిండ్రు. అందుకే మారిషస్‌ల తెలుగోన్ని కొరంగోడు అన్నరు. ఐదేండ్ల ఒప్పందం, ఏలిముద్ర, గిరిమిట్టు. 1910 దాక మన దేశం కాంచి ఆ ఒక్క దీవికే నాలుగున్నర లక్షల మంది. ఓడ దిగి పదహారు మెట్లు ఎక్కేటోళ్ళు, ఆ మెట్లు ఇప్పుడు కూడ ఉన్నయి, అప్రవాసీ ఘాట్ అంటరు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు కాంచి 342 మందిని నాటాల్‌ల దింపింది. ఫ్రెంచోళ్ళు మార్టినిక్‌కు 1853 కాంచి, ఆ ఎనక గ్వాడలూపుకు తీస్కపోయిండ్రు. ఇగో, అట్ల అట్లాంటిక్ కూడ దాటినం. ఆఫ్రికోళ్ళు ఖాళీ చేసిన గుడిసెల్లనే మనోళ్ళను దింపిండ్రు.

గిరిమిట్టు, బానిసత్వం ఒక్కటే అని కొందరు రాస్తరు. నేను ఒప్పుకోను. గిరిమిట్టుకు ఐదేండ్ల గడువు ఉన్నది, కొడుకు మీదికి రాదు. కొడుకు మీదికి వచ్చేది ఏంది అంటే, దానికి ఓడ ఎక్కే పని లేదు. మన ఊర్లనే ఉండె.

ఇప్పుడు మునగాల సంగతి చెప్త. సూర్యాపేట నిజాంది, కోదాడ నిజాంది, నడుమ మునగాల పరగణా ఇంగ్లీషోళ్ళది. కృష్ణా జిల్లా ముక్క, నైజాంల దీవి లెక్క ఉండె. 1959ల గని నల్లగొండల కలవలే. కంపెనీ రాజ్యంల బానిసత్వం చెల్లదని 1843ల ఐదో నంబరు చట్టం వచ్చింది. అంటే మునగాలల చెల్లదు, అటు నాలుగు కోసులు నడిస్తే అడిగేటోడు లేడు. చట్టం ఉన్న మునగాల జమీనుల వెట్టి లేదా అంటే ఉన్నది, రైతులు 1930లల్ల పెద్ద పోరాటమే చేసిండ్రు. చట్టం కాగితం మీద ఉంటది, దొర గడిల ఉంటడు.

నిజాం దిక్కు భగేలా అనేటోళ్ళు. పెండ్లికో చావుకో అప్పు తెచ్చిన మాదిగాయన, మాలాయన దొర ఇంట్ల జీతం ఉండాలె. మిత్తి తీరదు, తండ్రి కాలు చేతులు పడిపోతే కొడుకు వస్తడు. 1936ల నిజాం సర్కారు భగేలా మీద చట్టం తెచ్చింది. చట్టం ఉర్దూల ఉండె, భగేలా తెలుగుల ఉండె, ఒకరినొకరు చూసుకోలే. మొత్తం దేశానికి వెట్టి రద్దు చట్టం 1976ల వచ్చింది. కాలువ అవతల ఇటుక బట్టీ దీపాలు కనపడ్తున్నయి చూడు. ఒడిశా కాంచి అడ్వాన్సు పట్టుకొని ఆలుపిల్లలతోని వచ్చినోళ్ళు. నిన్న వాళ్ళ పిల్లగాడు మన బోరు కాడ నీళ్ళు పట్టుకపోయిండు, ఏం చదువుతున్నవురా అంటే నవ్విండు.

మేము పద్మశాలోళ్ళం గనుక భగేలా మాకు రాలే. మాకు గుడ్డ వెట్టి. ఏటా దసరాకు మా నాయన గడికి చీరలు, పంచెలు పైస లేకుంట ఇయ్యాలె. దొరసానికి సన్నయి, దొర కొడుకులకు అంచు పంచెలు, ఇంకొన్ని మోటు చీరలు. మోటు చీరలు ఎవలికి? ఆడబాపలకు. దొర బిడ్డకు పెండ్లయితే సామానుతోని ఆడపిల్లలను కూడ పంపెటోళ్ళు, నీళ్ళు తోడను, కాళ్ళు పిసుకను, అన్నిటికీ. నర్సింగరావు 1988ల తీసిన దాసి సినిమా వాళ్ళదే, అర్చనకు జాతీయ అవార్డు వచ్చింది. మీ నాయనమ్మ సూర్యాపేటల చూసి మూడు రోజులు మాట్లాడలే.

1946 జులై 4న కడవెండిల దొర మనుషులు సంఘం మనిషి దొడ్డి కొమురయ్యను కాల్చినంక ఊరూర దొరల మీద సంఘం లేచింది. ఆ దసరాకు గడి మనిషి చీరల కోసం వస్తే మా నాయన నూలు లేదు అన్నడు. మగ్గం మీద నిండ పడుగు ఉన్నది. వచ్చినోడు పడుగు దిక్కు చూసిండు, మా నాయన దిక్కు చూసిండు, అవును, నూలు లేదు అని మర్లిపోయిండు. వాడు కూడ అప్పటికే సంఘంల చేరిండని మాకు తర్వాత తెలిసింది.

1948ల దొరలు పట్నం పోయిండ్రు. గడి ఖాళీ. అండ్ల ఒక్క ఆడబాప మిగిలింది, ఎటు పోతది? ఊరంత గడవ్వ అనేటోళ్ళు. మా ఇంటి అరుగు మీద కూసొని కండెలు చుట్టి పెట్టేది, మా అమ్మ ఇంత గట్క పోసేది. నాకు అప్పుడు పదేండ్లు ఉంటయేమో. పోరగాన్ని, నోరు ఊకోదు. అవ్వా, నీది ఏ ఊరు అని అడిగిన. దొరసాని మేనా దిగిన ఊరే అన్నది. అంతకు ముందు అన్న. మేనా ఎక్కిన ఊరు అన్నది. అంతకు ముందు అన్న. కండె చుట్టుడు ఆపి, ముందు ఏముంటదిరా అన్నది. పేరు అడిగితే, దొరసాని పిలిచే పేరు చెప్పింది. అది తల్లి పెట్టిన పేరు గాదు. దొరసానికి వారం పేర్లు పెట్టుడు అలవాటు, శుక్రారం అని పిలిచేదట.

కేప్ కాడి సెప్టెంబర్ సంగతి పుస్తకంల చదివిన నాడు నాకు గడవ్వే మతికొచ్చింది. పుస్తకం మూసి బయటికొచ్చి చెట్టు కింద కూసున్న. మీ నాయనమ్మ చాయ తెచ్చి, బీపీ గోలి ఏసుకున్నవా అని అడిగింది.

ఆ గవ్వలు ఆమెయే. గడిల పచ్చీసు ఆడేటప్పుడు దొరసాని ఓడిపోతే గవ్వలు ఇసిరికొట్టేదట, ఏరి తెచ్చిచ్చుడు గడవ్వ పని. దొరసాని పోయేటప్పుడు మర్చిపోయిన ఏడు గవ్వలు కొంగున కట్టుకొని మా అమ్మకు ఇచ్చింది, పిల్లలు ఆడుకుంటరని.

ఏంది, ఒకటి తీస్కపోతవా? అమెరికాల బల్ల మీద పెట్టుకుంటవా? వద్దు బిడ్డా. తీస్కపోతే ఏడూ తీస్కపో. ఆరు గవ్వలతోని ఇక్కడ మేము పచ్చీసు ఎట్ల ఆడుతం, ఒక గవ్వతోని అక్కడ నువ్వు ఎట్ల ఆడుతవు? సరే, అది పొద్దుగాల చూద్దాం. ముందు నీ వంతు ఎయ్యి, నీ అన్న ఇందాకటి కాంచి రెండు కాయలు సప్పుడు లేకుంట జరిపిండు.